దీపం వెలుగుతూనే ఉంది, స్తంభాన్ని చూసుకునేవారే లేరు

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఇల్లున్నవారికి ఉప్పుగాలి గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. గేటుకు వేసిన రంగు రెండో వర్షాకాలం దాటదు. కిటికీ ఊచల మొదట్లో ఎర్రటి పొక్కులు లేస్తాయి. శ్లాబు అడుగున సిమెంటు ఉబ్బి, ఒకరోజు పెచ్చుగా ఊడిపడుతుంది. లోపలి ఇనుప చువ్వ బయటికి కనిపిస్తుంది. బీచ్ రోడ్డుకు నాలుగు వీధుల లోపలున్న మా ఇంటి సంగతే ఇది. ఇక నడిసముద్రంలో, ఒక రాతి దీవి కొసన, నూరేళ్లకు పైగా నిలబడి ఉన్న లైట్‌హౌస్ సంగతి ఊహించండి. దానికి ఇరుగుపొరుగు లేరు. తాపీ మేస్త్రి రావాలంటే పడవో, హెలికాప్టరో కావాలి. సముద్రం ఒప్పుకోకపోతే ఆ పడవ కూడా ఒడ్డుకు చేరదు.

అలాంటి స్తంభాలను కొన్ని దేశాల్లో మామూలు మనుషులు జీతం లేకుండా కాపాడుతున్నారు. రిటైరైన ఉపాధ్యాయులు, వడ్రంగులు, నర్సులు, నావికులు సెలవు పెట్టుకుని, బియ్యం పప్పు మూటగట్టుకున్నట్టు నెలలకు సరిపడా సరుకులు కట్టుకుని వెళ్లి అక్కడ ఉంటున్నారు. పైకి ఇది తేలికైన కథలా కనిపిస్తుంది: ఒక పాత కట్టడం, దాని మీద ప్రేమ ఉన్న నలుగురు, కొంత సున్నం, కొంత రంగు. లోపలికి వెళ్లేకొద్దీ చిక్కుముడి ఎదురవుతుంది. చాలాచోట్ల దీపం ఒకరిది, స్తంభం మరొకరిది, కింద ఉన్న నేల ఇంకొకరిది. పనిచేసే చేతులు ఈ ముగ్గురిలో ఎవరివీ కావు. ఈ ముడి ఎలా పడిందో తెలిస్తే తప్ప, మన తీరంలో ఏం చేయవచ్చో మాట్లాడలేం.

లైట్‌హౌస్ కాపలాదారు అనగానే సాయంత్రం దీపం వెలిగించే మనిషి గుర్తుకొస్తాడు. అది అతని పనిలో ఒక పాలు మాత్రమే. తెల్లవారి దీపం ఆర్పాక లెన్సు మీది మసి తుడవాలి. బొత్తాలు, బెల్టు కొక్కేలు తగిలి గాజు మీద గీత పడకుండా పైన నారబట్ట కట్టుకుని మరీ తుడిచేవారు. పగటి ఎండ ఆ లెన్సులో పడి ఒకచోట చేరితే మంట పుట్టగలదు కాబట్టి చుట్టూ తెరలు దించాలి. ఇత్తడి తోమాలి. లెన్సును తిప్పే గడియారపు యంత్రం బరువులను రాత్రి పొడవునా మళ్లీ మళ్లీ పైకి చుట్టాలి. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చూసి పైగదిలోని గాలి రంధ్రాలను తెరవాలి, మూయాలి. మెట్ల పక్క గోడలో తడి కనిపిస్తే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. పగులు కనిపిస్తే అది పెరగకముందే పూడ్చాలి. ఇవన్నీ పుస్తకంలో రాయాలి. కింద ఇంట్లో భార్యాపిల్లలు ఉంటే పొయ్యి వెలుగుతూ ఉండేది, ఆ వేడికి గోడలు ఆరేవి. స్తంభాన్ని పరిరక్షించడం అనే పేరుతో విడిగా ఒక పని ఉండేది కాదు. అక్కడ బతకడంలోనే అది కలిసి ఉండేది.

ఆ మనిషి అవసరం లేకుండా చేసిన మొదటి పెద్ద అడుగు స్వీడన్ ఇంజనీరు గుస్టాఫ్ డాలెన్‌ది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో ఆయన ఎసిటిలీన్ దీపాలకు ఒక కవాటం తయారు చేశాడు. వెలుతురు పడితే అది వాయువును ఆపేస్తుంది, చీకటి పడితే వదులుతుంది. అంటే దీపం సాయంత్రం తనంతట తానే వెలుగుతుంది. అందుకు 1912లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఒక పేలుడులో ఆయన చూపు పోయింది. నావికులకు దారి చూపే దీపాల కోసం ఆ తర్వాత కూడా, 1937లో చనిపోయేదాకా, ఆయన చూపు లేకుండానే పనిచేశాడు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఎసిటిలీన్ తర్వాత విద్యుత్తు, ఆ తర్వాత సౌరఫలకాలు, ఎల్‌ఈడీలు వచ్చాయి. స్కాట్లాండ్‌లో చివరి కాపలాదారులు 1998 మార్చి 31న ఫెయిర్ ఐల్ దీవిలోని దక్షిణ దీపస్తంభాన్ని విడిచి వచ్చారు. ఇప్పుడు అమెరికా అంటున్న నేల మీద మొట్టమొదటి లైట్‌హౌస్ 1716లో బోస్టన్ రేవు దగ్గరి చిన్న దీవి మీద వెలిగింది. ఆ దేశంలో చివరిగా మిగిలిన అధికారిక కాపలాదారు అదే దీపం దగ్గరి నుంచి 2023 చివర్లో పదవీ విరమణ చేశారు. దీన్ని అన్యాయం అనలేం. ఆ ఉద్యోగం ఒంటరిది, ప్రమాదకరమైనది. జబ్బు చేస్తే వైద్యుడు చేరేసరికి రోజులు గడిచేవి. యంత్రం వచ్చి మనుషులను ఆ కష్టం నుంచి తప్పించింది. ఓడలకు దీపం ఇంకా నమ్మకంగా అందుతోంది. నష్టపోయింది కట్టడం ఒక్కటే.

ఆ నష్టం ఎలా జరుగుతుందో చెప్పడానికి కొంచెం సమయం తీసుకుంటాను. సంరక్షణ అంటే రంగు వేయించడమే అనుకునే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

మనిషి వెళ్లిపోయిన రోజున సాధారణంగా చేసే పని తలుపులు, కిటికీలు బిగించేయడం. దొంగలు రాకూడదు, పక్షులు దూరకూడదు, వాన పడకూడదు. కొన్నిచోట్ల గాలి రంధ్రాలను కూడా మూసేశారు. పొయ్యి లేదు. నూనె దీపం ఇచ్చే వేడి లేదు. బయట చల్లబడినప్పుడు లోపలి తేమ గోడలకు చెమటలా పడుతుంది. ఆరే దారి ఉండదు. వందేళ్లు వానను, కెరటాన్ని తట్టుకున్న స్తంభం ఇలా లోపలి నుంచి నానడం మొదలుపెడుతుంది.

ఆ తడిలో ఉప్పు ఉంటుంది. ఇటుక, రాయి, సున్నం అన్నింటికీ సన్నటి రంధ్రాలుంటాయి. ఉప్పునీరు వాటిలోకి దిగుతుంది. నీరు ఆరిపోయాక ఉప్పు స్ఫటికంగా గడ్డకడుతుంది. మళ్లీ తడి, మళ్లీ ఆరడం. ప్రతిసారీ స్ఫటికం కొంత పెరుగుతూ రంధ్రపు గోడను నెడుతుంది. ఏళ్ల తరబడి ఈ నెట్టుడు సాగాక ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది. ఇనుము సంగతి ఇంకా మొండిది. ఇనుము తుప్పుగా మారితే ముందు తనకు సరిపోయిన చోటు చాలదు, దానికి కొన్ని రెట్ల చోటు కావాలి. రాతిలో దిగ్గొట్టిన మెట్ల కొక్కెం, వసారా కడ్డీ, తలుపు బందు తుప్పుపట్టి ఉబ్బితే ఆ రాయే పగులుతుంది. మన శ్లాబు పెచ్చు ఊడటానికీ, దీవి మీద నల్లరాయి చీలడానికీ కారణం ఒకటే.

ఇక సిమెంటు. పాత స్తంభాలను సున్నంతో కట్టారు. సున్నం మెత్తనిది, గోడలోని తేమను బయటికి పోనిస్తుంది, ఉప్పు దెబ్బను ఇటుకకు బదులు తానే తీసుకుంటుంది. కొన్నేళ్లకు అది అరిగిపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. దాని మీద సిమెంటు పూస్తే గోడ గట్టిపడినట్టు, కొత్తగా అయినట్టు కనిపిస్తుంది. కానీ తేమకు దారి మూసుకుపోతుంది. ఉప్పు వెనక్కి తిరిగి ఇటుకను తింటుంది. పదేళ్ల తర్వాత సిమెంటు పొర చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని వెనక ఇటుక పొడి అయిపోయి ఉంటుంది. ప్లాస్టిక్ గుణమున్న రంగులు చేసే పని కూడా ఇదే. విశాఖ వన్‌టౌన్‌లో పాత ఇళ్ల మరమ్మతులు చూసినవారికి ఇది కొత్త కాదు. మన వైపు డంగు సున్నం అనేవారు: సున్నమూ ఇసుకా కలిపి గానుగలో రోజుల తరబడి నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు పోసి పదును తెచ్చేవారు. మా ఇంటికి వచ్చే పెద్ద మేస్త్రి తన తాతగారి దగ్గర ఆ పని చూశానని, చేతితో మాత్రం ఎప్పుడూ చేయలేదని చెప్పారు. దీవుల్లో స్వచ్ఛందంగా పనిచేసేవారు మొదట నేర్చుకునే విద్య ఇదే: సిమెంటు గోకి తీసేయడం, సున్నం కలపడం, ఆరడానికి ఓపిక పట్టడం.

లెన్సు గురించి చెప్పకపోతే సగం కథే చెప్పినట్టవుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రెనెల్ రూపొందించిన లెన్సును 1823లో ఫ్రాన్స్ తీరంలోని కోర్డువాన్ స్తంభంలో మొదటిసారి పెట్టారు. ఒకే మందపాటి గాజుముద్ద బదులు, పట్టకాల వలయాలను ఇత్తడి చట్రంలో వరుసగా బిగించి, చెదిరిపోయే కాంతినంతా ఒక కిరణంగా మళ్లించడం ఆయన ఆలోచన. పెద్ద తరగతి లెన్సు లోపల మనిషి నిలబడవచ్చు. ఇప్పుడు అరచేతిలో పట్టే ఎల్‌ఈడీ ఓడలకు సరిపోతోంది కాబట్టి ఈ గాజు మహలుకు ఉద్యోగం పోయింది. చట్రంలో గాజును నిలిపే లప్పం ఎండకు పెళుసై రాలిపోతుంది, పట్టకాలు వదులవుతాయి. తెరలు దించే మనిషి లేడుగా. పైగా 1890 ప్రాంతం నుంచి ఎన్నో పెద్ద లెన్సులను పాదరసం తొట్టిలో తేలేలా అమర్చారు. టన్నుల బరువున్న లెన్సు వేలితో నెడితే తిరిగేది. ఆ పాదరసం ఆవిరి విషం. పాత రంగుల్లోని సీసం కూడా విషమే. ఈ రెండింటి జోలికీ ఔత్సాహికులు వెళ్లకూడదు, తర్ఫీదు పొందినవారే వాటిని ముట్టుకోవాలి. స్వచ్ఛంద సేవకు మొదటి హద్దు ఇక్కడ కనిపిస్తుంది.

ఈ పని ఎలా సాగుతుందో చూడటానికి నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ టాస్మేనియాకు దక్షిణాన ఉన్న మాట్‌సైకర్ దీవి. ఆ పేరు వెనక భీమిలికి ఒక దూరపు చుట్టరికం ఉంది. 1642లో అటుగా వెళ్లిన డచ్ నావికుడు ఆబెల్ టాస్మన్, బటేవియాలోని (నేటి జకార్తా) డచ్ ఈస్టిండియా కంపెనీ అధికారి యోవాన్ మాట్‌సైకర్ పేరును ఆ దీవులకు పెట్టాడు. ఆ అధికారి తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. భీమునిపట్నంలో వర్తకం చేసి, అక్కడే సమాధుల్లో నిద్రిస్తున్న డచ్చివారూ ఆ కంపెనీవారే.

ఆ దీవి మీద దీపం 1891లో వెలిగింది. ఆస్ట్రేలియా లైట్‌హౌస్‌లలో అన్నిటికంటే దక్షిణాన ఉన్నది అదే. ఏడాదిలో ఎక్కువ రోజులు వాన, దక్షిణ మహాసముద్రం మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చే గాలి. 1996లో పాత దీపాన్ని ఆపి సౌరశక్తితో నడిచే చిన్న దీపాన్ని పెట్టారు. ఇంగ్లండ్‌లోని చాన్స్ బ్రదర్స్ చేసిన పాత లెన్సు మాత్రం స్తంభంలోనే ఉంది. ఓడలకు దారి చూపే దీపం దేశ సముద్ర భద్రతా సంస్థ బాధ్యత. దీవి రాష్ట్ర పార్కుల శాఖ చేతిలోని జాతీయ ఉద్యానంలో, ప్రపంచ వారసత్వ ప్రాంతంలో భాగం. కాపలాదారులు లేరు. ఆ ఖాళీని పార్కుల శాఖ ఇలా నింపింది: ఇద్దరిద్దరు చొప్పున స్వచ్ఛంద సేవకులను ఎంపిక చేసి ఆరేసి నెలలు దీవి మీద ఉంచుతుంది. ఆరు నెలల తిండి ముందే కట్టుకోవాలి. మధ్యలో కూరగాయల బండి రాదు. ఉన్నవారు తోటలో పండించుకుంటారు.

వారి దినచర్య చదివితే పాత కాపలాదారు మళ్లీ కనిపిస్తాడు. రోజూ వాతావరణ వివరాలు కొలిచి వాతావరణ శాఖకు పంపాలి. గడ్డి కోయాలి, నీరు పోయే గాడులు పూడకుండా చూడాలి, పైకప్పు రేకులకు రంగు వేయాలి, లోపల నీరు ఎక్కడ కారుతోందో గమనించాలి, తుడవాలి, రాయాలి. వీరికి తోడుగా మాట్‌సైకర్ మిత్రులు అనే బృందం ఉంది. వారు అప్పుడప్పుడు కొద్ది రోజుల కోసం వచ్చి బయటి నుంచి చేరిన కలుపు మొక్కలను పీకుతారు, పెద్ద మరమ్మతులు పడతారు, పాత కాపలా కుటుంబాల జ్ఞాపకాలను సేకరిస్తారు. అక్కడ సముద్రపక్షులు నేలలో బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి కాబట్టి కాలు ఎక్కడ పెట్టాలో కూడా నేర్చుకోవాలి. కట్టడాన్ని కాపాడే పనీ, దీవి ప్రాణులను కాపాడే పనీ ఒకదానితో ఒకటి గొడవపడకుండా నడిపించడం చిన్న విషయం కాదు.

నాకు ఇందులో కీలకంగా తోచేది ఒకటే. అక్కడ ఉన్న ఇద్దరిలో ఎవరూ గొప్ప నిపుణులు కానక్కర్లేదు. కారుతున్న చుక్కను పడిన వారంలోనే చూసే కళ్లు ఉంటే చాలు. పదేళ్లకొకసారి కోట్లు పోసి చేసే పునరుద్ధరణ కంటే ఆ కళ్లు ఎక్కువ కాపాడతాయి.

అమెరికా దారి వేరు. మెయిన్ రాష్ట్రంలో కెన్నెబెక్ నది సముద్రంలో కలిసేచోట సెగ్విన్ అనే దీవి ఉంది. దాని మీద లైట్‌హౌస్‌కు 1795లో జార్జ్ వాషింగ్టన్ కాలంలో అనుమతి వచ్చింది, ఇప్పుడున్న స్తంభం 1857 నాటిది. 1985లో అది యంత్రాల చేతికి వెళ్లగానే, మరుసటి ఏడాదే ఊరివారు సెగ్విన్ మిత్రులుగా సంఘం కట్టారు. ఖాళీ ఇల్లు ఎంత త్వరగా పాడవుతుందో వారికి తెలుసు. తర్వాత కట్టడాలు వారి పేరు మీదికి వచ్చాయి. ప్రతి వేసవిలో కొందరిని ఎంపిక చేసి దీవి మీద కాపురం పెట్టిస్తారు. వచ్చిన యాత్రికులకు వారే స్తంభం చూపిస్తారు. తీరరక్షక దళం ఓడల కోసం దీపాన్ని కొనసాగించింది, మొదటి తరగతి ఫ్రెనెల్ లెన్సు స్తంభంలోనే నిలిచింది.

ఇలాంటి అనుభవాల మీదే 2000లో ఆ దేశం చారిత్రక లైట్‌హౌస్‌ల పరిరక్షణ చట్టం చేసింది. ప్రభుత్వానికి అక్కర్లేని లైట్‌హౌస్‌ను అర్హత ఉన్న లాభాపేక్ష లేని సంఘానికో, స్థానిక సంస్థకో ఉచితంగా ఇవ్వవచ్చు. తీసుకున్నవారు దాన్ని ప్రమాణాల ప్రకారం కాపాడాలి, జనానికి చూపించాలి. ఎవరూ ముందుకు రాకపోతే వేలం. ఇప్పటికి 150కి పైగా ఇలా చేతులు మారాయి. స్తంభం చేతులు మారినా దీపం దగ్గరికి వెళ్లే హక్కు మాత్రం తీరరక్షక దళానికి ఉంటుంది. ముడిని విప్పడంలో ఆ చట్టం చేసిన తెలివైన పని ఇది: దీపాన్ని, కట్టడాన్ని కాగితం మీద విడదీసి, ఎవరి బాధ్యత ఏమిటో రాసిపెట్టింది. కెనడా 2008లో తన చట్టం చేసింది. 2010లో దాదాపు 970 లైట్‌హౌస్‌లను మిగులు ఆస్తులుగా ప్రకటించింది కూడా. అన్ని స్తంభాలకూ కాపాడే సంఘాలు దొరకడం ఎక్కడా జరిగే పని కాదు.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఉంది, చెప్పాలి. ఉచితంగా ఇవ్వడం అనే మాట వెనక ప్రభుత్వం తన ఖర్చును ఊరివారి భుజాల మీదికి దించుకోవడం కూడా ఉంది. ఒడ్డున ఉన్న అందమైన స్తంభానికి చందాలు వస్తాయి. పడవ ఆగడానికి కూడా చోటు లేని రాతిగుట్ట మీది స్తంభానికి ఎవరు ఇస్తారు? సంఘాల్లో పనిచేసేవారిలో చాలామంది పెద్దవయసు వారు. నిచ్చెన ఎక్కాలి, అలల మీద ఊగే పడవ నుంచి తడి రాయి మీదికి అడుగు వేయాలి. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది, బీమా ఎవరు కడతారు అన్నవి మీటింగుల్లో మాటల కోసం అడిగే ప్రశ్నలు కావు. శ్రమదానం ప్రభుత్వానికి తోడుగా ఉంటే నిలుస్తుంది. దాని బదులుగా ఉంటే ఆ తరంతోనే అలసిపోతుంది.

మన సంగతికి వస్తే, ఇక్కడి ముడి వేరే రకం. మన దేశంలో లైట్‌హౌస్‌లు, లైట్‌షిప్‌ల డైరెక్టరేట్ జనరల్ అనే ఒకే కేంద్ర సంస్థ వీటిని నడుపుతుంది. 1927 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. అందులో వారసత్వ లైట్‌హౌస్ అనే మాట మొదటిసారి చోటు చేసుకుంది: విద్య, సంస్కృతి, పర్యాటకం కోసం కొన్నిటిని అలా గుర్తించవచ్చు. 2024 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా 75 లైట్‌హౌస్‌లలో పర్యాటక సౌకర్యాలను ప్రారంభించారు. మంచిదే. కానీ పార్కు, బల్లలు, రంగు దీపాలు స్తంభం చుట్టూ వచ్చాయి. స్తంభం గోడలో తేమ ఎంత ఉందో కొలవడం వేరే పని, దానికి వేరే మనుషులు కావాలి. లక్షదీవుల్లోని మినికాయ్‌లో 1885 నాటి స్తంభం నేటికీ నిలిచి ఉందంటే, తరతరాల సిబ్బంది అక్కడ ఉండి చూసుకోవడం వల్లే. ఆ సిబ్బంది తగ్గే రోజు మనకూ వస్తుంది. సిద్ధపడటానికి మనకు ఇంకా సమయం ఉందన్నదే మన అదృష్టం.

విశాఖ నుంచి చూస్తే దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ మీద దీపం ఉంది. ఉత్తరాన భీమిలిలో తెల్లటి పాత స్తంభం, ఇంకా పైకి విజయనగరం జిల్లా తీరంలో శాంతపిల్లి దీపం. ఆ దీపం ఒడ్డున కొండ మీద ఉన్నా, అది పుట్టింది సముద్రంలో దాగి ఉన్న శాంతపిల్లి రాళ్ల నుంచి ఓడలను తప్పించడానికి. జాలరిపేటవారికి కొండలే గురుతులు. ఏ కొండ ఏ కొండ వెనకకు వచ్చిందో చూసి తామెక్కడున్నారో చెప్పేవారు. రాత్రి పూట ఆ పనిని దీపం చేసింది.

ఈ పనికి కావలసిన మనుషులు ఈ ఊళ్లో ఉన్నంతగా దేశంలో చాలా తక్కువ చోట్ల ఉంటారని నా నమ్మకం. నౌకాదళం, పోర్టు, షిప్‌యార్డు ఉన్న ఊరు ఇది. ఉప్పునీటిలో ఇనుమును ఎలా బతికించాలో జీవితమంతా నేర్చుకుని రిటైరైనవారు ప్రతి కాలనీలో ఉన్నారు. ఋజువు బీచ్ రోడ్డు మీదే ఉంది. 2001లో సేవ ముగించిన కుర్సురా జలాంతర్గామిని మరుసటి ఏడాది మ్యూజియం చేసి, లోపల చూపించే పనిని మాజీ నావికాదళ సిబ్బందికి అప్పగించారు. ఏ కవాటం దేనికో వారికి చేతివేళ్లకు తెలుసు. ఇసుకలో, ఉప్పుగాలిలో ఉన్న ఉక్కు ఇన్నేళ్లు నిలవడానికి రంగు ఎంత కారణమో, రోజూ లోపల తిరిగే ఆ మనుషులూ అంతే కారణం. వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థ విశాఖ శాఖ పాతబస్తీలో వారసత్వ నడకలు నిర్వహిస్తోంది, అంటే ఆసక్తి ఉన్న యువత కూడా ఉంది.

లైట్‌హౌస్‌లోకి మనం తోచినప్పుడు వెళ్లి సున్నం వేస్తామంటే కుదరదు, కుదరకూడదు కూడా. అది నావికుల ప్రాణాలకు సంబంధించిన చోటు. సంస్థతో రాతపూర్వక ఒప్పందం కావాలి: నెలకు ఒకరోజు, ఎవరు వస్తారు, ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు, ఏం రాసి ఇవ్వాలి. మొదటి ఏడాది పని చీపురు, టార్చిలైటు, ఫొటోలు, రిజిస్టరు అయితే చాలు. ఏ నెలలో ఏ గోడ తడిసింది, ఏ కొక్కెం చుట్టూ రాయి విచ్చింది అని పన్నెండు నెలలు వరుసగా రాస్తే, తర్వాత వచ్చే ఇంజనీరుకు అంతకంటే విలువైన కాగితం ఉండదు. రెండో ఏడాది సున్నం పని తెలిసిన మేస్త్రిని వెతికి, నలుగురు కుర్రవాళ్లను ఆయన పక్కన నిలబెట్టాలి.

వీటన్నిటికంటే ముందు, ఆగకుండా చేయాల్సింది ఒకటుంది. ఈ తీరంలో దీపాల దగ్గర ఉద్యోగం చేసి రిటైరైనవారిని వెతికి, పక్కన కూర్చుని వినాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద పడినప్పటి గాలి మనందరికీ గుర్తుంది. అంతకుముందు ఎన్ని తుపానులను వారు స్తంభం లోపల నుంచి చూసి ఉంటారు! నేను వారిని అడగాలనుకుంటున్న మొదటి ప్రశ్న ఇది: అలాంటి రాత్రుల్లో, గాలి సముద్రం వైపు నుంచి తిరిగినప్పుడు, ఏ కిటికీ మూసి ఏ కిటికీ తెరిచి ఉంచేవారు?